పోలియో కంటే ముందు... ఫ్లూ!

జోనాస్ సాల్క్ అనగానే పోలియో టీకా గుర్తొస్తుంది. కానీ ఆయన మొదట పోరాడింది ఇన్‌ఫ్లుయెంజాతో. ఆ కథ తెలుసుకుంటే మనింట్లో పెద్దవాళ్ళ గురించి కాసేపు ఆలోచించకుండా ఉండలేం.

ఇంట్లో పాపాయి పుట్టగానే ఆస్పత్రివాళ్ళిచ్చిన టీకాల కార్డుని బీరువాలో పట్టుచీరల మడతల మధ్య భద్రంగా దాచుకుంటాం. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం... తేదీలన్నీ నోటికొచ్చు. ఒక్కరోజు ఆలస్యమైతే ప్రాణం కొట్టుకుంటుంది. అదే ఇంట్లో, పక్కగదిలో మామగారు వారం రోజులుగా దగ్గుతుంటే మాత్రం... వయసు మీద పడింది కదా, మామూలే అనుకుంటాం. మిరియాల కషాయం కాచి ఇస్తాం. ఆవిరి పట్టమంటాం. పెద్దవాళ్ళకీ ఒక టీకా ఉందనీ, దాన్ని ఏడాదికోసారి వేయించాలనీ మనలో ఎంతమందికి గుర్తుంటుంది?

చిత్రమేమిటంటే, పిల్లలకు వేసే పోలియో ఇంజెక్షను కథలోనూ, పెద్దలకు వేసే ఫ్లూ ఇంజెక్షను కథలోనూ ఒకే మనిషి కనిపిస్తారు. ఆయనే డాక్టర్ జోనాస్ సాల్క్. మొదటిదానికి లోకం ఆయనకు బ్రహ్మరథం పట్టింది. రెండోదాన్ని దాదాపు మరచిపోయింది. అచ్చం మన ఇళ్ళల్లో జరుగుతున్నట్టే!

న్యూయార్క్ ఇరుకు ఇంట్లో...

1914 అక్టోబరు 28న న్యూయార్క్ నగరంలో ఓ పేద యూదు కుటుంబంలో జోనాస్ పుట్టాడు. తండ్రి డేనియల్ దుస్తుల పరిశ్రమలో పనిచేసేవాడు. తల్లి డోరా రష్యా సామ్రాజ్యంలోని మిన్స్క్ ప్రాంతం నుంచి చిన్నతనంలోనే అమెరికా వలస వచ్చింది. పెద్దగా చదువుకునే యోగం ఆమెకు లేకపోయింది. అందుకేనేమో, ముగ్గురు కొడుకుల చదువు మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది. జోనాస్ ఆమెకు పెద్దకొడుకు.

అవి తల్లులకు కంటిమీద కునుకు లేని రోజులు. జోనాస్‌కి రెండేళ్ళయినా నిండకముందే, 1916 వేసవిలో న్యూయార్క్‌ని పోలియో చుట్టుముట్టింది. ఒక్క ఆ నగరంలోనే రెండువేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పసివాళ్ళే. ఆ భయం తీరీ తీరకముందే 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చిపడింది. ప్రపంచమంతటా కోట్లమందిని పొట్టన పెట్టుకుంది. మన దేశంలోనే కోటిమందికి పైగా చనిపోయారని అంచనా. అలాంటి రోజుల్లో పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న తల్లికి ఎలా ఉండి ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? కరోనా రోజుల్ని చూసినవాళ్ళం కదూ!

ఆ తల్లి కాచుకున్న పిల్లాడే పెద్దయ్యాక ఆ రెండు జబ్బుల మీదా వరసగా పోరాడాడు.

తల్లి మాట... గురువు జవాబు

జోనాస్ చదువులో చురుకు. పదిహేనేళ్ళకే న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరాడు. డబ్బులేని ఇళ్ళ పిల్లలు ఫీజు కట్టకుండా చదువుకోగలిగిన కాలేజీ అది. మొదట్లో లాయరు కావాలనుకున్నాడు. తల్లికి ఆ ఆలోచన నచ్చలేదు. ఇంట్లో తనతోనే వాదించి నెగ్గలేనివాడు కోర్టులో ఏం నెగ్గుతాడన్నది ఆవిడ అభిప్రాయం! మొత్తానికి న్యాయశాస్త్రం వదిలేసి వైద్యం వైపు మళ్ళాడు. తరవాత న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో చేరాడు. అయితే ప్రాక్టీసు పెట్టి డబ్బు గడించాలన్న కోరిక ఆయనకు మొదటినుంచీ లేదు. మనసంతా పరిశోధన మీదే.

అక్కడే ఒక చిన్న సంఘటన జరిగింది. ఓ క్లాసులో ప్రొఫెసరు డిఫ్తీరియా, ధనుర్వాతం గురించి చెప్పారు. వాటి విషాన్ని రసాయనంతో నిర్వీర్యం చేసి ఎక్కించినా శరీరానికి రక్షణ వస్తుందన్నారు. మరో క్లాసులో వైరస్ జబ్బుల గురించి పాఠం. వీటికి మాత్రం అలా కుదరదు, బతికున్న వైరస్ ఒంట్లోకి వెళితేనే రక్షణ వస్తుందన్నారు. జోనాస్‌కి ఈ రెండు మాటలకీ పొత్తు కుదరలేదు. అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాదని అడిగితే, సంతృప్తికరమైన జవాబు రాలేదు. అదంతే అన్నట్టు తేల్చేశారు.

ఆ ప్రశ్న జోనాస్ మనసులో ముల్లులా ఉండిపోయింది. చంపేసిన వైరస్‌తో కూడా టీకా తయారు చేయొచ్చు కదా అన్న ఆలోచన అలా మొలకెత్తింది. అదే కాలేజీలో డాక్టర్ థామస్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు ఇన్‌ఫ్లుయెంజా మీద పనిచేస్తున్నారు. జోనాస్ ఆయన లేబొరేటరీలో చేరిపోయాడు.

అసలు ఇన్‌ఫ్లుయెంజా ఒక వైరస్ వల్ల వస్తుందని గట్టిగా తేలిందే 1933లో. లండన్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు జబ్బుపడ్డ మనుషుల గొంతులోంచి తీసిన ద్రవాన్ని ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువులకు ఎక్కించి ఈ సంగతి కనుక్కున్నారు. అంటే, జోనాస్ ఈ రంగంలో అడుగుపెట్టేనాటికి శత్రువు ముఖం లోకానికి తెలిసి అయిదారేళ్ళే అయింది.

పెళ్ళికి రెండు షరతులు

ఈలోగా జోనాస్ జీవితంలోకి డోనా లిండ్సే వచ్చింది. బాగా చదువుకున్న అమ్మాయి, సమాజసేవ కోర్సు చేస్తోంది. ఆమె తండ్రి డబ్బున్న దంతవైద్యుడు. చొక్కాలకు సరిగ్గా డబ్బుల్లేని కుర్రాడికి పిల్లనివ్వడం ఆయనకు మొదట ఇష్టం లేకపోయింది. ఆఖరికి రెండు షరతులు పెట్టారట. ఒకటి, శుభలేఖలో అల్లుడి పేరు ముందు డాక్టర్ అని ఉండాలి. రెండోది, మరీ సాదాగా ఉన్న ఆ పేరు మధ్యలో ఇంకో పేరు చేర్చుకోవాలి. అలా జోనాస్ సాల్క్ కాస్తా జోనాస్ ఎడ్వర్డ్ సాల్క్ అయ్యారు! 1939 జూన్‌లో ఎం.డి. పట్టా చేతికొచ్చిన మర్నాడే పెళ్ళి జరిగిపోయింది. మామగార్ల తీరు ఏ దేశంలోనైనా ఒకటే అనిపిస్తుంది కదూ!

సైనికులకు తొలి రక్ష

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1918 నాటి అనుభవం అమెరికా సైన్యం మరచిపోలేదు. అప్పట్లో సైనిక శిబిరాల్లో కుర్రాళ్ళు తుపాకి దెబ్బలకంటే ముందు ఫ్లూకే పిట్టల్లా రాలిపోయారు. మళ్ళీ అలా కాకూడదని సైన్యం ఇన్‌ఫ్లుయెంజా కోసం ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసింది. దానికి నాయకుడు ఫ్రాన్సిస్. అప్పటికి ఆయన మిచిగన్ యూనివర్సిటీకి మారారు. 1942లో సాల్క్ కూడా భార్యతో సహా ఆన్ ఆర్బర్ అనే ఆ ఊరికి వెళ్ళి గురువుగారి దగ్గర చేరారు.

అక్కడ చేసిన పని చెప్పుకోడానికి తేలికే. పొదగడానికి పెట్టిన కోడిగుడ్లలో వైరస్‌ని పెంచేవారు. గుడ్డులోని ద్రవాన్ని తీసి, ఫార్మాలిన్ అనే రసాయనంతో వైరస్‌ని చంపేవారు. ఆ చచ్చిన వైరస్‌నే సూదిమందుగా ఇచ్చేవారు. చచ్చిన వైరస్ ఒంట్లో పెరగలేదు, జబ్బు తేలేదు. కానీ శరీరం దాన్ని చూసి శత్రువు ఎలా ఉంటాడో గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలువాడు వస్తే ఎదిరించడానికి సిద్ధంగా ఉంటుంది.

1943 చివర్లో, వివిధ యూనివర్సిటీల్లో శిక్షణ పొందుతున్న సుమారు 12,500 మంది సైనికుల మీద పరీక్ష జరిపారు. కొందరికి టీకా, కొందరికి ఉత్త సూది. కొద్ది వారాలకే ఫ్లూ రానే వచ్చింది. ఉత్త సూది వేయించుకున్న వాళ్ళలో నూటికి ఏడుగురు జబ్బుపడితే, టీకా వేయించుకున్న వాళ్ళలో నూటికి ఇద్దరే! 1945లో అమెరికాలో మామూలు ప్రజలకు కూడా ఈ టీకా ఇవ్వడానికి అనుమతి లభించింది. మెడికల్ కాలేజీలో జవాబు దొరకని ప్రశ్నకు సాల్క్ చేతులతోనే జవాబు దొరికింది.

ఈనాటికీ చాలామంది పెద్దవాళ్ళు ఫ్లూ ఇంజెక్షను వేయించుకుంటే ఫ్లూ వస్తుందని భయపడతారు. మామూలుగా వేసే ఇంజెక్షనులో బతికున్న వైరస్ ఉండదు. ఆనాటి ఆ చచ్చిన వైరస్ సూత్రమే ఈనాటికీ దానికి పునాది. చెయ్యి కాస్త నొప్పి పెట్టొచ్చు, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడొచ్చు. అది జబ్బు కాదు, శరీరం పాఠం నేర్చుకుంటోందన్నమాట.

మారువేషాల మాయదారి

కథ ఇక్కడితో సుఖాంతమైతే ఎంత బావుండును! 1947లో ఫ్లూ మళ్ళీ వచ్చింది. ఈసారి టీకా వేయించుకున్నవాళ్ళు కూడా వేయించుకోనివాళ్ళతో సమానంగా జబ్బుపడ్డారు. ఫ్రాన్సిస్, సాల్క్ ఆశ్చర్యపోయారు. తయారీలో తప్పు జరిగిందా? లేదు. మారింది వైరస్! టీకాలో ఉన్న వైరస్ రూపం ఒకటి, ఊళ్ళో తిరుగుతున్న వైరస్ రూపం మరొకటి. దొంగ వేషం మార్చుకుంటే పాత ఫొటో చూసి పోలీసులు ఎలా పట్టుకుంటారు?

ఇది ఓటమే. కానీ ఆ ఓటమే ఫ్లూ గురించి అసలు సంగతి చెప్పింది. ఫ్లూ టీకా ఒకసారి వేయించుకుని చేతులు దులుపుకునేది కాదు. తిరుగుతున్న వైరస్‌ని కనిపెడుతూ, టీకాని మార్చుకుంటూ పోవాలి. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు నిపుణుల్ని కూర్చోబెట్టి, రాబోయే సీజనుకి టీకాలో ఏయే రకాలు ఉండాలో సూచిస్తోంది. పోయినేడు వేయించాం కదా, మళ్ళీ ఎందుకని మీ అత్తగారు అడిగితే, చెప్పాల్సిన జవాబు 1947లోనే దొరికింది. వైరస్ మారుతుంది. దానికి తోడు, టీకా ఇచ్చిన బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

వంటింట్లో మరిగిన సూదులు

అదే 1947లో సాల్క్ పిట్స్‌బర్గ్ నగరానికి మారారు. ఓ ఆస్పత్రి నేలమాళిగలో చిన్న లేబొరేటరీ. మొదట్లో అక్కడా ఫ్లూ మీదే పనిచేశారు. తరవాత పోలియో పరిశోధనకు నిధులొచ్చాయి. ఇక్కడే ఆయనకు ఫ్లూ నేర్పిన పాఠం అక్కరకొచ్చింది. చంపిన వైరస్‌తో ఫ్లూకి రక్షణ వచ్చినప్పుడు, పోలియోకి ఎందుకు రాదు? ఆ రోజుల్లో చాలామంది పెద్ద శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. సాల్క్ వెనక్కి తగ్గలేదు.

1952లో అమెరికాలో దాదాపు 58 వేల మందికి పోలియో సోకింది. తల్లులు పిల్లల్ని ఈతకొలనులకీ, సినిమాలకీ పంపడం మానేశారు. మర్నాటి ఏడాది, 1953లో, సాల్క్ కొత్త టీకాని ఇంటికి పట్టుకొచ్చారు. వంటింట్లో పొయ్యిమీద గిన్నెలో సిరంజీలు, సూదులు మరిగించారు. తనూ వేయించుకుని, భార్య డోనాకీ, ముగ్గురు కొడుకులకీ వేశారు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, చిన్నవాడికి మూడేళ్ళు. ఊళ్ళో పిల్లలకు వేసేముందు తన పిల్లలకు వేయాలన్నది ఆయన పట్టుదల. ఆ క్షణంలో డోనా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో! అయినా ఆమె ఒప్పుకుంది.

1954లో 18 లక్షల మంది పిల్లలతో పెద్ద పరీక్ష జరిగింది. దాన్ని నడిపించింది పాత గురువు థామస్ ఫ్రాన్సిసే. ఫ్లూ టీకాని సైనికుల మీద పరీక్షించిన అనుభవం ఆయనకు ఉంది కదా! 1955 ఏప్రిల్ 12న ఆన్ ఆర్బర్‌లో ఫలితం ప్రకటించారు. టీకా పనిచేస్తోంది! అమెరికా అంతటా చర్చి గంటలు మోగాయి. వీధుల్లో జనం ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని ఏడ్చారు. ఆ టీకా మీద పేటెంటు తీసుకోలేదు. సాల్క్ దానితో కోట్లు గడించే ప్రయత్నమూ చేయలేదు.

కీర్తి వెనక మచ్చలూ ఉన్నాయి. ఆరోజు ఉపన్యాసంలో సాల్క్ తన లేబొరేటరీలో రాత్రింబవళ్ళు కష్టపడ్డవాళ్ళ పేర్లు విడిగా చెప్పలేదు. వైరస్‌ని పెంచే కణాల్ని కంటికి రెప్పలా కాపాడిన ఎల్సీ వార్డ్ లాంటి ఆడవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. సహచరుడు జూలియస్ యంగ్నర్‌కి ఆ బాధ చాలాకాలం పోలేదు. ఇంకా పెద్ద దెబ్బ ఆ నెలలోనే తగిలింది. ఒక కంపెనీ తయారుచేసిన టీకాలో వైరస్ పూర్తిగా చావలేదు. దానివల్ల సుమారు 200 మందికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పదిమంది చనిపోయారు. వెంటనే తయారీ నిబంధనలు కఠినం చేశారు. టీకాల మీద నిఘా అంత గట్టిగా ఉండటానికి ఆ విషాదమే కారణం.

పెద్దవాళ్ళు గుర్తొచ్చిన వేళ

పోలియో గెలుపు హడావుడిలో ఫ్లూ వెనక్కి వెళ్ళిపోయింది. అది మాత్రం మనని మరచిపోలేదు. 1957లో పూర్తిగా కొత్త రూపంతో ఆసియాలో పుట్టి, ఓడల్లో దేశదేశాలకీ పాకింది. ఆ ఏడాది మే నెలలో మద్రాసు రేవు ద్వారా మన దేశంలోకీ వచ్చింది. ఆ ఉపద్రవం తరవాత అమెరికాలో లెక్కలు చూస్తే, చనిపోయినవాళ్ళలో వృద్ధులు, గుండెజబ్బులూ ఊపిరితిత్తుల జబ్బులూ ఉన్నవాళ్ళే ఎక్కువ. అందుకే 1960లో అక్కడి ఆరోగ్యశాఖ 65 ఏళ్ళు దాటినవాళ్ళూ, దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్ళూ, గర్భిణులూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని సిఫారసు చేసింది. సైనికుల కోసం పుట్టిన టీకా అలా తాతయ్యల, అమ్మమ్మల టీకా అయింది.

ముసలితనంలో ఫ్లూ ఎందుకంత ప్రమాదం? వయసుతో పాటు ఒంట్లోని రక్షణశక్తీ నెమ్మదిస్తుంది. కుర్రవాళ్ళకి నాలుగురోజుల జ్వరంతో పోయేది, పెద్దవాళ్ళలో న్యుమోనియాకి దారితీస్తుంది. సుగరు అదుపు తప్పుతుంది. ఫ్లూ వచ్చిన మొదటి వారంలో గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. ఇంకో చిక్కుంది. పెద్దవయసులో ఒక్కోసారి జ్వరం పెద్దగా కనిపించదు. అన్నం సయించకపోవడం, మగతగా పడుకోవడం, మాటలో తడబాటు... ఇవే గుర్తులు. వయసు కదా అని మనం సరిపెట్టుకుంటాం. అక్కడే మోసపోతాం.

పిట్స్‌బర్గ్‌లో ముగ్గురు వృద్ధులు

1976లో సాల్క్ మళ్ళీ ఫ్లూ విషయంలో తెరమీదికొచ్చారు. అప్పటికి ఆయన కాలిఫోర్నియాలో సముద్రపు ఒడ్డున తన పేరుతోనే ఒక పరిశోధన సంస్థని స్థాపించి ఉన్నారు. అహ్మదాబాద్‌లోని ఐఐఎం భవనాలకు రూపమిచ్చిన లూయీ కాన్‌యే ఆ సంస్థ భవనాన్నీ కట్టారు. డోనాతో 1968లో విడిపోయి, 1970లో చిత్రకారిణి ఫ్రాన్స్వాజ్ జీలోని ఆయన పెళ్ళి చేసుకున్నారు. 1975 సంవత్సరానికి మన దేశం ఇచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారం కూడా ఆయన్ని వరించింది.

1976 మొదట్లో ఓ అమెరికా సైనిక శిబిరంలో పందుల ఫ్లూని పోలిన కొత్త వైరస్ కనబడింది. ఒక కుర్ర సైనికుడు చనిపోయాడు. 1918 మళ్ళీ వస్తోందేమోనని అందరికీ భయం. అధ్యక్షుడు ఫోర్డ్ శాస్త్రవేత్తల్ని పిలిపించారు. వాళ్ళలో సాల్క్ ఒకరు. దేశమంతటికీ టీకా వేయడమే మంచిదని ఆయన సమర్థించారు.

అక్టోబరులో టీకాలు మొదలయ్యాయి. ఇంతలో, ఒకప్పుడు సాల్క్ పోలియో టీకా పుట్టిన పిట్స్‌బర్గ్‌లోనే, ఒకే కేంద్రంలో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు కొద్దిసేపటి తేడాలో చనిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. అనేక రాష్ట్రాలు టీకా ఆపేశాయి. తీరా విచారిస్తే, ముగ్గురూ డెబ్భై దాటినవాళ్ళు, ముగ్గురికీ గుండెజబ్బు ఉంది. మరణాలకు టీకా కారణమన్న ఆధారం దొరకలేదు. కాకి వాలిందీ, తాటిపండు రాలిందీ ఒక్కసారే అయితే, కాకి బరువుకే పండు రాలిందనుకుంటాం. కాకతాళీయం అన్న మాట అందుకే పుట్టింది. వేలాదిమంది వృద్ధులకు ఒకే వారంలో సూది వేస్తే, ఆ వారంలో కొందరికి ఎటూ ఆయువు తీరుతుంది. సూది వేయకపోయినా తీరేది.

అలాగని ఆ టీకాకి ఏ దోషమూ లేదనలేం. నాలుగు కోట్లమందికి పైగా వేశాక, లక్షమందిలో ఒకరికి చొప్పున నరాలు చచ్చుబడే గీలన్ బారీ అనే జబ్బు అదనంగా వచ్చినట్టు తేలింది. అనుకున్న మహమ్మారి రానేలేదు. డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు. నిజమైన మంచిని చెప్పేటప్పుడు ఈ చెడునీ దాచకూడదు. దాస్తే రేపు ఎవరూ నమ్మరు. ఇప్పటి ఫ్లూ టీకాలతో ఆ ముప్పు అంతకంటే బాగా తక్కువ. పది లక్షల డోసులకు ఒకటి రెండు కేసులు మించదని లెక్క. ఫ్లూ జబ్బువల్లే గీలన్ బారీ వచ్చే అవకాశం అంతకంటే ఎక్కువ.

1995 జూన్ 23న, 80వ ఏట, గుండెజబ్బుతో సాల్క్ కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనకు ఎన్నడూ రాలేదు. ముగ్గురు కొడుకులూ డాక్టర్లయ్యారు. ఆయన పోయిన ఇరవయ్యేళ్ళకు, 2015 నవంబరులో, మన దేశపు టీకాల పట్టికలో చుక్కలమందుకి తోడుగా పోలియో ఇంజెక్షను చేరింది. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో పోలియో వైరస్ ఆనవాలు కనబడినప్పుడు, హడావుడిగా బస్తీబస్తీకీ వెళ్ళి పిల్లలకు వేసిందీ ఈ ఇంజెక్షనే. అలా సాల్క్ మన పిల్లల చేతిదాకా వచ్చారు. మరి మన పెద్దవాళ్ళ దాకా?

మన ఇంటికొస్తే...

2009లో మన దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. అప్పుడు మాస్కుల కోసం పరుగులు పెట్టాం. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. మామూలు ఫ్లూలలో ఒకటై ఏటా వచ్చిపోతూనే ఉంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర్లో మరోసారి విజృంభిస్తుంటుంది. టీకా వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి వానలు ముదరకముందే వేయించడం మంచిది. ఆ ఏడాదికి సిఫారసు చేసిన కొత్త టీకానో కాదో అడిగి తెలుసుకోండి.

చిన్నపిల్లల టీకాల్లాగా ఇంటింటికీ వచ్చి పెద్దలకు ఈ టీకా వేసే ఏర్పాటు మనకు లేదు. చాలామంది ప్రైవేటు ఆస్పత్రుల్లోనే వేయించుకుంటున్నారు. అరవై దాటినవాళ్ళూ, సుగరు, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళూ డాక్టరుని తప్పకుండా అడగాలి. గతంలో ఏదైనా టీకాకి తీవ్రమైన ఎలర్జీ వచ్చినా, గీలన్ బారీ వచ్చినా ముందే చెప్పాలి. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వేయించుకోవచ్చు. పెద్దవాళ్ళని కనిపెట్టుకుని ఉండే కోడళ్ళూ కూతుళ్ళూ కూడా వేయించుకుంటే మంచిది. స్కూలు నుంచి మనవడు తెచ్చే జలుబు, ఆఫీసు నుంచి మనం తెచ్చే దగ్గు... ఆఖరికి చేరేది ఆ మంచం దగ్గరికే కదా!

ఇంకో మాటా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ టీకా వేయించుకుంటే ఫ్లూ అసలు రాదని హామీ లేదు. వయసు పెరిగేకొద్దీ టీకా ప్రభావమూ కొంత తగ్గుతుంది. కానీ వచ్చినా ఆస్పత్రి మెట్లెక్కే అవసరం, ప్రాణం మీదికొచ్చే ప్రమాదం తగ్గుతాయి. వర్షంలో గొడుగు వేసుకున్నా పాదాలు తడుస్తాయి. అలాగని గొడుగు వద్దనుకుంటామా?

నాకెందుకమ్మా ఈ వయసులో, ఆ డబ్బులు పిల్లలకు ఖర్చుపెట్టుకోండి అని పెద్దవాళ్ళు అంటారు. ముఖ్యంగా అత్తగార్లూ, అమ్మలూ. జీవితమంతా ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరున తినడం అలవాటైనవాళ్ళు వాళ్ళు. వాళ్ళంతట వాళ్ళు అడగరు. మనమే అడగాలి.

ఈసారి బీరువా తీసి పాపాయి టీకాల కార్డు చూసుకున్నప్పుడు, ఓ తెల్లకాగితం మీద అత్తయ్యగారి పేరూ, మామయ్యగారి పేరూ, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మ పేరూ రాసి, పక్కన ఒక తేదీ వేసి, అదే మడతలో పెట్టండి. తేదీ దగ్గరపడగానే డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి.